బట్టకు అద్దాల పెట్టె, నేసిన చేతికి ఏదీ చోటు?



2023లో బాంద్రా-కుర్లా కాంప్లెక్సులోని నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటరులో 'ఇండియా ఇన్ ఫ్యాషన్' ప్రదర్శన పెట్టారు. ప్రపంచ ఫ్యాషన్‌కు మన దేశపు బట్ట ఏమిచ్చిందో చూపారు. మంచిదే! కానీ ఇలాంటి ప్రదర్శనల్లో డ్రెస్సు పక్కన డిజైనరు పేరుంటుంది. నూలు వడికి, బట్ట నేసినవాడి పేరు ఎక్కడ?

కామాఠీపురా పేరే ఈ నగరాన్ని కట్టిన కామాఠీ కూలీలది. ఊళ్లో మగ్గం మూలపడి వచ్చిన పద్మశాలి బిడ్డలు గిరణ్‌గావ్ చాళ్లలో ఒకే గదిలో వంతులవారీగా పడుకుని సాంచాలు నడిపారు. 1982 జనవరి 18న సమ్మెకు దిగిన దాదాపు రెండున్నర లక్షల మందిలో మనవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత మిల్లులు మూతపడ్డాయి, వాటి స్థలాల్లో మాల్స్, టవర్లు లేచాయి.

కాలాచౌకీలోని ఇండియా యునైటెడ్ మిల్లు స్థలంలో వస్త్ర మ్యూజియం కట్టడానికి మహానగరపాలిక పూనుకుంది. మేము కాదనడం లేదు. యజమాని పటం పెట్టి కార్మికుణ్ణి మరిచే మ్యూజియం మాత్రం మాకొద్దు!

సాంచా పక్కన దాన్ని నడిపినవారి పేర్లు రాయాలి. దూదిధూళికి చెడిన ఊపిరితిత్తుల సంగతి, సమ్మె సంగతి మరాఠీతోపాటు తెలుగులోనూ చెప్పాలి. అక్కడి ఉద్యోగాలు మిల్లు కార్మికుల పిల్లలకే ఇవ్వాలి.

పాత కార్మికులారా! మీ గేట్‌పాసు, పగారు చీటీ పారేయకండి. రేపు ఆ గోడ మీద మన పేరు అడగడానికి అవే సాక్ష్యం!