చిన్న ఉపగ్రహముల గొప్ప పని

ఖగోళ పరిశోధన ధనిక రాజ్యములకే చెల్లునను అపోహ మన విద్యాధికులలో సైతము ప్రబలియున్నది. 2022 అక్టోబరు 9వ తేదీనాటి వృత్తాంతము దానిని ఖండించుచున్నది. దూరపు గగనమున ఒక మహానక్షత్రము కూలగా వెలువడిన గామా కిరణముల విస్ఫోటము ఆనాడు భూమిని చేరినది. అంతవరకు చూచిన వానిలోనెల్ల అదియే మిక్కిలి ప్రకాశవంతము. ఆ తీవ్రతకు తాళజాలక పెద్ద ఉపగ్రహములలో పెక్కింటి సాధనములు దాని పరాకాష్ఠను సరిగా కొలువలేకపోయినవి. కొలువగలిగిన కొలదివానిలో 'జీఆర్‌బీ ఆల్ఫా' యొకటి. స్లొవేకియా, హంగరీ, చెక్, జపాను శాస్త్రజ్ఞులు కూడి నిర్మింపగా 2021 మార్చిలో నింగికెగసిన యీ ఉపగ్రహము ప్రక్కకు 10 సెంటీమీటర్ల ఘనము మాత్రమే! గ్రాహకము చిన్నదగుటచేతనే దానిపై బడిన కిరణములు తక్కువై లెక్క తప్పలేదు.

పెద్దవి వ్యర్థములని మేమనము. మందకాంతిని పట్టుటకు విశాల గ్రాహకములే కావలెను. ఒంటరియైన చిన్న ఉపగ్రహము విస్ఫోటపు దిక్కును చక్కగా తెలుపజాలదు. కాని పెక్కు ఉపగ్రహములు వేర్వేరు తావుల నున్నచో, కిరణములు వానిని చేరిన కాలభేదమునుబట్టి దిక్కు తెలియును.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. 2009లో అన్నా విశ్వవిద్యాలయమువారి అనుశాట్‌ను మన రాకెట్టే మోసినది. 2015లో మనవారు పంపిన ఆస్ట్రోశాట్ వందలకొలది విస్ఫోటములను గుర్తించినది. కావలసినది కూడి పనిచేయు పూనిక. మన విశ్వవిద్యాలయములు తలకొక ఉపగ్రహమును నిర్మించి ఒక్క జట్టుగా నిలుపుటకు ప్రభుత్వము జాగుసేయక తోడ్పడవలెను.