గుమాస్తా తప్పా, మీట తప్పా?

మన సంఘీయులలో పెక్కుమందిమి వర్తకులము. నేడు మన అంగళ్లలో చిట్టా ఆవర్జాలు కంప్యూటరునకెక్కినవి. లక్షలు పెట్టి సరకు నింపుదుము గాని, ఆ సరకు లెక్క నడపు కీబోర్డును, మౌసును మాత్రము అన్నిటికంటె చవుకైనవి తెచ్చి గుమాస్తా ముందుంచుచున్నాము. ఇది పొదుపు కాదని మా యభిప్రాయము.

వర్తకుల రీతినే లెక్కకట్టి చూతము. చవుక కీబోర్డులలో మీటల క్రింద రబ్బరు పొర యుండును. అట్టి మీట సామాన్యముగా 50 లక్షలు మొదలు 1 కోటి నొక్కుల వరకు నిలుచునని తయారీదారులు చెప్పుదురు. ఈ లెక్క కీబోర్డు మొత్తమునకు కాదు, ఒక్కొక్క మీటకు. బిల్లులు వ్రాయు గుమాస్తా ఎంటర్ మీటను దినమునకు 5,000 మార్లు నొక్కునని యనుకొందము. 300 పనిదినములకు 15 లక్షలగును; మూడేండ్ల పైచిలుకునకే 50 లక్షలు నిండును. తక్కినవన్నియు బాగుగనే యుండ, ఆ యొక్క మీట అరిగిపోవును. లోపల స్ప్రింగు గల మెకానికల్ మీటలకైతే 5 కోట్ల నొక్కులని చెప్పుట వాడుక. చెర్రీ వారి ఎంఎక్స్ మీటలలో కొన్నిటికి 10 కోట్లు. 1985లో ఐబీఎం వారు వెలువరించిన మోడల్ ఎం రకపు కీబోర్డులు కొన్ని నేటికిని పనిచేయుచున్నవి.

మీట పూర్తిగా చెడినచో వెంటనే తెలియును. సగము చెడినపుడే చిక్కు. మౌసు మీటలోని సన్నని లోహపు రేకు అరిగినను, మలినమెక్కినను, ఒక్క నొక్కునకు రెండు పడుచుండును. ఒకే సరకు రెండుమార్లు బిల్లునకెక్కవచ్చును. కీబోర్డులో సున్న మీట అట్లే చేసినచో 500 కాస్తా 5,000 అగును. ఖాతాదారు కోపగించును; యజమాని గుమాస్తాను శంకించును. నెలజీతముపై బ్రదుకువానికి ఆ శంకకు మించిన శిక్ష యేమి గలదు?

కావున బెంగుళూరు ఎస్పీ రోడ్డునగాని, చెన్నపట్టణపు రిచ్చీ వీథినిగాని కొనునపుడు వెలతోపాటు నొక్కుల లెక్కయు అడుగుడు. దినమంతయు పనిచేయువారికి మెకానికల్ కీబోర్డునే యిండు. మౌసునకు, లోహపు రేకునకు బదులు వెలుగుతో పనిచేయు ఆప్టికల్ స్విచ్చు గలదేమో విచారింపుడు. ఆప్టికల్ మౌసు అన్నంతమాత్రమున దాని మీట అట్టిదని తలపరాదు. ఆ పేరు అడుగున కదలికను పట్టు వెలుగునుబట్టి వచ్చినది.

ఇక లెక్క తప్పిన దినమున, గుమాస్తాను నిలదీయుటకు ముందు, ఖాళీ పుటపై ఆ సున్న మీటను నూరుమార్లు నొక్కి, నూరు సున్నలే పడినవేమో యెంచి చూడుడు. త్రాసు వంగినచో తూచినవానిని దండింపము గదా, త్రాసునే సరిచేయింతుము. కీబోర్డునకును ఆ న్యాయమే చెల్లవలెను.