సమానం గుర్తు నెత్తిన చిన్న అక్షరం

ప్రాజెక్టు రిపోర్టు అనగానే మనకు అట్ట రంగు, బైండింగు, బంగారు అక్షరాలే గుర్తొస్తాయి. లోపల లెక్కల గుర్తులు సరిగా పడ్డాయో లేదో చూడం. అవి ఎవరికి వారే టైపు చేసుకోవడం నేర్చుకోవాలని నా అభిప్రాయం. దెబ్బ తిన్నాకే నాకిది తెలిసింది.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టులో నేను చేత్తో రాసిన కాగితాల్లో చాలాచోట్ల సమానం గుర్తు మీద 'డి' అనే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంది. రెండు యాదృచ్ఛిక చలరాశుల విభాజనాలు ఒకటేనని దాని అర్థం. డి.టి.పి. చేసినాయన ఆ అక్షరం వదిలేసి ఉత్త సమానం కొట్టాడు. నేనూ ప్రూఫు శ్రద్ధగా చూసుకోలేదు. వైవాలో ఎగ్జామినర్ గారు ఆ పేజీ తీసి, "ఈ రెండూ సమానమా? ఎలా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఒక్క అక్షరం పోతే ఏమవుతుంది? నాణెం ఎగరేశాం అనుకోండి. బొమ్మ పడితే మొదటి చలరాశి విలువ 1, బొరుసు పడితే 0. రెండోది దీనికి సరిగ్గా తిరగేసి. రెండింటికీ 1 వచ్చే సంభావ్యత సగమే కాబట్టి విభాజనాలు ఒకటే. కానీ ఏ ఒక్కసారీ ఆ రెండు విలువలు సమానం కావు! పైన 'డి' ఉంటే ఆ వాక్యం నిజం, లేకపోతే పచ్చి అబద్ధం. అలాగే పైన 'డెఫ్' అని ఉంటే అది నిర్వచనం, నిరూపించనక్కర్లేదు. ప్రశ్నార్థకం ఉంటే ఇంకా తేల్చాల్సిన విషయం. కొందరు ఆ అక్షరాన్ని గుర్తు పక్కన పైకి జరిపి కొడతారు. అప్పుడది ఘాతంలా కనిపిస్తుంది.

డొనాల్డ్ నూత్ అనే ఆచార్యుడు 1977లో తన పుస్తకం ప్రూఫులు వికారంగా ఉన్నాయని తానే 'టెక్' అనే సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టాడు. 1980లలో లెస్లీ లాంపోర్ట్ దానిమీద 'లేటెక్' తయారుచేశాడు. రెండూ ఉచితమే. అమెరికన్ గణిత సంఘం వారి ప్యాకేజీ కలుపుకుంటే, 'ఓవర్‌సెట్' అన్న ఆజ్ఞతో అక్షరం గుర్తు పైన, 'అండర్‌సెట్'తో కింద కూర్చుంటుంది. దానంతటదే చిన్నదవుతుంది, మధ్యకు వస్తుంది. సమానం గుర్తుకు అటూ ఇటూ ఉండాల్సిన ఖాళీ కూడా చెడదు.

"అది టైపు చేసేవాళ్ల పని కదా" అంటారు కొందరు. ఆ గుర్తుకు అర్థం తెలియని మనిషిని తప్పుపట్టి లాభమేముంది? మనలో చాలామందికి ఇంట్లో రిపోర్టు చదివి తప్పు చూపేవారు కూడా ఉండరు. అందుకే పి.జి. చదివే అన్నలు ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్లకు లేటెక్ నేర్పాలి. మొదటి ఆదివారం నేనొస్తాను. రాత్రులు మేలుకొని లెక్క చేసింది మనం. దాని నెత్తిన అక్షరం కూడా మనమే పెట్టుకుందాం.