కంప్యూటర్ కబుర్లు: ఒక తేదీ, రెండు పండగలు

మన సంఘం వెబ్‌సైటులో ప్రతి కార్యక్రమానికీ అదే వరస: బ్యానరు, తేదీ, వేదిక, టికెట్ బటను. ప్రతిసారీ కొత్తగా పేర్చలేక, వర్డ్‌ప్రెస్‌లో ఆ బ్లాకులన్నీ కలిపి ఎంచుకుని, మూడు చుక్కల మెనూలోంచి ప్యాటర్న్‌గా దాచాను. (2023లో 6.3 వెర్షన్ వచ్చేదాకా దీన్ని రీయూజబుల్ బ్లాక్ అనేవారు.) అక్కడున్న 'సింక్డ్' మీటను పట్టించుకోలేదు. ఉగాదికని తేదీ మారిస్తే వేసవి పిక్నిక్ పేజీలోనూ అదే తేదీ! "ఏమండీ, పచ్చడి పార్కులోనా?" అని ఓ పెద్దాయన ఫోను.

సింక్డ్ అంటే అన్నిచోట్లా ఒకటే ప్రతి. సంఘం చిరునామా, విరాళాల వివరాలకు అది బంగారం. తేదీలున్న వాటికి మాత్రం ఆ మీట ఆపి దాచండి. ఇప్పటికే దాచేశారా? ఆ పేజీలో 'డిటాచ్' నొక్కితే విడిపోతుంది. నేను పిక్నిక్ పేజీకి చేసిందదే.