పార్కు బోర్డుల సభ్యులకు సంఘ సభ్యత్వం ఎందుకు? – ఇల్లినాయ్ అనుభవం

(ప్రత్యేక విశ్లేషణ)

పట్టణ ప్రజలకు నిత్యావసరమైన సదుపాయాలలో పార్కులు, ఆటస్థలాలు ముఖ్యమైనవి. వాటి భూమి, ఆదాయం, నిర్వహణలపై నిర్ణయాధికారం ఎవరిది, ఆ నిర్ణయాలకు అవసరమైన పరిజ్ఞానం వారికి ఎక్కడి నుంచి లభిస్తుంది అన్న ప్రశ్నలు స్థానిక పరిపాలనలో కీలకమైనవి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఈ అధికారం జీతభత్యాలు లేని ప్రజాప్రతినిధుల చేతిలో ఉంది. వారికి అండగా రాష్ట్రస్థాయి సంఘం దాదాపు శతాబ్ద కాలంగా పనిచేస్తున్నది. ఆ సంఘ సభ్యత్వానికి వెచ్చించేది ప్రజాధనం కాబట్టి, దాని వల్ల ప్రజలకు ఒనగూరే ప్రయోజనమేమిటో పరిశీలించడం అవసరం.

కమిషనర్ అంటే అధికారి కాదు

తెలుగు రాష్ట్రాలలో కమిషనర్ అనగానే మున్సిపాలిటీకి ప్రభుత్వం నియమించిన అధికారి గుర్తుకు వస్తారు. ఇల్లినాయ్‌లో పార్కు కమిషనర్ ఓటర్లు ఎన్నుకున్న బోర్డు సభ్యుడు. అక్కడ పార్కుల నిర్వహణ అనేక ప్రాంతాలలో నగరపాలక సంస్థకు చెందదు. పార్కు డిస్ట్రిక్టు అనే ప్రత్యేక స్థానిక సంస్థకు సొంత సరిహద్దులు, సొంత ఆస్తి పన్ను, సొంత బడ్జెట్ ఉంటాయి. రాష్ట్రంలో ఇటువంటి సంస్థలు 300కు పైగా ఉన్నాయి. ఒక్కొక్క బోర్డులో 5 లేదా 7 మంది సభ్యులుంటారు. వీరి పదవీకాలం సాధారణంగా 6 లేదా 4 సంవత్సరాలు. కమిషనర్లు ఎటువంటి వేతనం లేకుండా పనిచేయాలని పార్కు డిస్ట్రిక్టు చట్టం నిర్దేశిస్తున్నది.

ఈ వ్యవస్థ ఒక్కసారిగా ఏర్పడినది కాదు. 1869లో ఇల్లినాయ్ శాసనసభ షికాగో నగరం కోసం మూడు పార్కు కమిషన్లను నెలకొల్పింది. తదనంతరం ఆ నగరంలోనే చిన్నచిన్న పార్కు డిస్ట్రిక్టులు అనేకం వెలిశాయి. 1934లో 22 డిస్ట్రిక్టులను విలీనం చేసి షికాగో పార్కు డిస్ట్రిక్టును ఏర్పాటు చేశారు. దాని బోర్డు సభ్యులను మాత్రం నగర మేయర్ నియమిస్తారు. రాష్ట్రంలోని మిగిలిన పట్టణాలలో ఎన్నికైన బోర్డులే సర్వసాధారణం.

ఉపాధ్యాయులు, వ్యాపారులు, ఇంజనీర్లు, గృహిణులు, పదవీ విరమణ చేసినవారు ఇటువంటి బోర్డులకు ఎన్నిక కావచ్చు. పన్ను విధింపు, వార్షిక బడ్జెట్ ఆమోదం, భూమి కొనుగోలు, బాండ్ల జారీ, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ నియామకం వంటి బాధ్యతలు వారు పదవి చేపట్టిన మొదటి నెలలోనే ఎదురవుతాయి. బోర్డు ముందుకు వచ్చే ప్రతి కాగితాన్నీ తయారుచేసేది సిబ్బందే. ఆ కాగితాన్ని ప్రశ్నించడానికి సరిపడే పరిజ్ఞానం సభ్యులకు లేకపోతే, పేరుకు ప్రజాప్రతినిధుల పాలనైనా ఆచరణలో సిబ్బంది ప్రతిపాదనలకు ముద్ర వేయడంగానే మిగిలిపోతుంది. సంఘ సభ్యత్వం ఆవశ్యకత ఇక్కడే మొదలవుతుంది.

సంఘాల స్వరూపం

ఇల్లినాయ్ పార్కు డిస్ట్రిక్టుల సంఘం 1928లో ఏర్పడింది. పార్కు డిస్ట్రిక్టులతో పాటు అటవీ సంరక్షణ డిస్ట్రిక్టులు వంటి సంస్థలు కూడా ఇందులో సభ్యత్వం పొందుతాయి. ఇది ప్రధానంగా బోర్డుల పక్షాన పనిచేసే సంఘం. ఈ రంగంలోని ఉద్యోగులకు, వృత్తి నిపుణులకు ఇల్లినాయ్ పార్కు, వినోద సంఘం అనే వేరొక సంస్థ ఉంది. ఈ రెండు సంఘాలు ఏటా సంయుక్తంగా రాష్ట్ర మహాసభను నిర్వహిస్తున్నాయి. సంస్థల పనితీరును పరిశీలించి గుర్తింపునిచ్చే కార్యక్రమాన్ని కూడా ఉమ్మడిగా అమలు చేస్తున్నాయి.

జాతీయస్థాయిలో 1965లో ఐదు సంస్థల విలీనంతో ఏర్పడిన జాతీయ వినోద, పార్కుల సంఘం ఉంది. దీని మూలాలు 1906లో స్థాపించిన ఆటస్థలాల సంఘంలో ఉన్నాయి. పార్కు సంస్థల ఖర్చు, సిబ్బంది, విస్తీర్ణం వంటి అంశాలను పోల్చి చూసుకునేందుకు అవసరమైన గణాంకాలను ఇది సమకూరుస్తున్నది. తమ డిస్ట్రిక్టులో ఈతకొలను నిర్వహణ ఖర్చు ఎక్కువా, తక్కువా అన్న సందేహం కలిగిన కమిషనర్‌కు సొంత సిబ్బంది చెప్పే సమాధానమే ఏకైక ఆధారం కాకుండా ఉండటం ఇటువంటి సభ్యత్వం వల్ల కలిగే ముఖ్య ప్రయోజనం.

చట్టం కోరే శిక్షణ

ఇల్లినాయ్ బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం, ఎన్నికైన లేదా నియమితులైన బోర్డు సభ్యులు ప్రమాణ స్వీకారం చేసిన 90 రోజులలోపు నిర్దేశిత శిక్షణ పూర్తి చేయాలి. 2012 జనవరి 1 నుంచి ఈ నిబంధన అమలులో ఉంది. సాధారణంగా ఈ శిక్షణను రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం ఆన్‌లైన్‌లో అందిస్తుంది. పార్కు డిస్ట్రిక్టుల సభ్యులు తమకు ప్రాతినిధ్యం వహించే సంఘం నిర్వహించే శిక్షణ ద్వారా కూడా ఈ బాధ్యతను నెరవేర్చుకోవచ్చునని అదే చట్టం అనుమతిస్తున్నది. చట్టబద్ధమైన శిక్షణను అందించే అర్హతను ఒక సభ్యత్వ సంఘానికి శాసనసభ కల్పించడం గమనార్హం.

ఈ శిక్షణ లాంఛనప్రాయమైనది కాదు. బోర్డు కోరంలో మెజారిటీ సభ్యులు బోర్డు వ్యవహారాలను ఒకే సమయంలో పరస్పరం చర్చించుకుంటే, అది ఫోన్‌లో జరిగినా, ఈ-మెయిల్ లేదా చాట్ ద్వారా జరిగినా, చట్టం దృష్టిలో సమావేశంగా పరిగణించే అవకాశం ఉంది. 7 మంది సభ్యుల బోర్డులో కోరం 4. అందులో మెజారిటీ 3. అంటే ముందస్తు ప్రకటన లేకుండా ముగ్గురు సభ్యులు చాట్‌లో పార్కు టెండర్ గురించి చర్చించుకున్నా చట్ట ఉల్లంఘన కావచ్చు. దురుద్దేశం లేకపోయినా తెలియకపోవడం వల్లనే ఇటువంటి పొరపాట్లు జరిగే ప్రమాదం ఉంటుంది.

సాంకేతిక ప్రమాణాల విషయంలోనూ ఇదే పరిస్థితి. దివ్యాంగుల హక్కులకు సంబంధించిన 1990 నాటి అమెరికా చట్టం కింద 2010లో సవరించిన ప్రమాణాలు 2012 మార్చి 15 నుంచి తప్పనిసరి అయ్యాయి. ఆటస్థలాలు, ఈతకొలనులు తొలిసారిగా వీటి పరిధిలోకి వచ్చాయి. కొత్త ఆట పరికరాల కొనుగోలుకు ఆమోదం తెలిపే సభ్యులకు ఈ నిబంధనపై అవగాహన లేకపోతే, కొన్న పరికరాలకే మళ్లీ ఖర్చు చేయవలసి వస్తుంది.

సమష్టి కృషితో ఆర్థిక ప్రయోజనం

ఒంటరిగా ఏ చిన్న డిస్ట్రిక్టుకూ సాధ్యం కాని పనులు సమష్టిగా సాధ్యమవుతాయనడానికి ఇల్లినాయ్‌లో రెండు ఉదాహరణలు ఉన్నాయి. ఇవి సభ్యత్వ సంఘాలకు భిన్నమైన ఉమ్మడి సంస్థలైనప్పటికీ, సహకార స్ఫూర్తి మాత్రం ఒక్కటే. మొదటిది బీమా. 1980వ దశకంలో అమెరికాలో ప్రమాద బాధ్యతా బీమా ప్రీమియంలు విపరీతంగా పెరిగిన కాలంలో పార్కు డిస్ట్రిక్టులు కలిసి ఉమ్మడి ప్రమాద నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. సభ్య సంస్థలు నష్టభయాన్ని పంచుకోవడంతో పాటు, ప్రమాదాల నివారణకు భద్రతా సమీక్షలు కూడా పొందుతున్నాయి.

రెండవది దివ్యాంగులకు వినోద సేవలు. ఒక్కొక్క పట్టణంలో లబ్ధిదారుల సంఖ్య తక్కువగా ఉండటం వల్ల ప్రత్యేక శిక్షకులను నియమించడం కష్టసాధ్యం. షికాగో ఉత్తర శివారులలోని సంస్థలు 1970లో కలిసి ప్రత్యేక వినోద సంఘాన్ని నెలకొల్పాయి. ఇటువంటి ఉమ్మడి కార్యక్రమాల కోసం ప్రత్యేక పన్ను విధించే వెసులుబాటును రాష్ట్ర చట్టం కల్పించింది. ఇదే పద్ధతి రాష్ట్రంలోని ఇతర ప్రాంతాలకూ విస్తరించింది.

రాష్ట్ర రాజధానిలో ఉమ్మడి గళం

స్థానిక పార్కుల ఆర్థిక స్థితి స్థానికంగానే నిర్ణయం కాదు. 1991 నాటి ఆస్తి పన్ను పరిమితి చట్టం వర్తించే కౌంటీలలో పన్ను వసూలు పెరుగుదల సాధారణంగా ఏడాదికి 5 శాతం లేదా ద్రవ్యోల్బణ రేటు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించరాదు. పార్కు భూముల సేకరణ, అభివృద్ధికి రాష్ట్ర ప్రభుత్వం 1986 నుంచి గ్రాంట్లు అందిస్తున్నది. స్థిరాస్తి బదిలీ పన్నులో కొంత భాగం దీనికి ఆధారం. అయితే 2015లో రాష్ట్రం బడ్జెట్ సంక్షోభంలో చిక్కుకున్నప్పుడు ఈ గ్రాంట్లు నిలిచిపోయాయి. రాష్ట్ర వాటాను నమ్ముకుని పనులు తలపెట్టిన చిన్న పట్టణాలు ఇటువంటి సమయంలో విడివిడిగా చేసే విజ్ఞప్తులకు బలం తక్కువ. శాసనసభ సమావేశాలను నిరంతరం గమనిస్తూ, బిల్లుల ప్రభావాన్ని సభ్యులకు తెలియజేసే బాధ్యతను సంఘం నిర్వహిస్తున్నది.

జాతీయస్థాయిలోనూ ఇదే అనుభవం. సముద్రగర్భ చమురు, సహజవాయువు ఆదాయంతో నడిచే భూ, జల సంరక్షణ నిధికి ఏటా 90 కోట్ల డాలర్లను శాశ్వతంగా కేటాయిస్తూ 2020 ఆగస్టులో చట్టం అమలులోకి వచ్చింది. దీని వెనుక పార్కుల సంఘాలు సహా అనేక సంస్థల దీర్ఘకాలిక కృషి ఉంది.

విమర్శలు, నియంత్రణలు

సభ్యత్వంపై విమర్శలు లేకపోలేదు. పన్ను చెల్లింపుదారుల సొమ్ముతో రుసుము కట్టి, అదే సొమ్ముతో ప్రభుత్వంపై ఒత్తిడి తేవడం సమంజసమా అన్నది మొదటి ప్రశ్న. మహాసభల పేరిట విహారయాత్రలు జరుగుతాయన్నది రెండవది. ఇల్లినాయ్‌లో స్థానిక ప్రభుత్వాల సంఖ్య సుమారు 7 వేలు. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. సంస్థల విలీనం ప్రజలకు మేలు చేసే చోట కూడా సంఘాలు సహజంగానే సభ్య సంస్థల మనుగడ వైపే మొగ్గుతాయన్నది మూడవ విమర్శ.

వీటికి శాసనసభ కొంతవరకు చట్టపరమైన సమాధానం ఇచ్చింది. 2017 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ప్రయాణ ఖర్చుల నియంత్రణ చట్టం ప్రకారం, బోర్డు సభ్యుల ప్రయాణ, భోజన, వసతి ఖర్చులను బహిరంగ సమావేశంలో సభ్యులు పేరుపేరునా ఓటు వేసి ఆమోదించాలి. వినోదానికి ప్రజాధనం చెల్లించరాదు. 2022లో చేసిన మరో చట్టం ప్రకారం, నగరాలు, కౌంటీలు మినహా పన్ను విధించే స్థానిక సంస్థలన్నీ 2023 జూన్ నాటికి సమర్థత సమీక్షా కమిటీలను నియమించి, పౌరులకు స్థానం కల్పించి, నివేదిక సమర్పించవలసి వచ్చింది. పదేళ్లకు ఒకసారి ఈ సమీక్ష జరగాలి. ఖర్చు బహిరంగమైనప్పుడే సభ్యత్వంపై విశ్వాసం నిలుస్తుందని ఈ చట్టాలు సూచిస్తున్నాయి.

సలహా కమిషన్లకు మరింత అవసరం

కాలిఫోర్నియాలో పరిస్థితి భిన్నం. అక్కడి నగరాలలో పార్కు కమిషన్లు ఎక్కువగా నగర మండలి నియమించే సలహా సంఘాలు. పన్ను అధికారం లేదు. అంతిమ నిర్ణయం మండలిదే. వీరికోసం ఆ రాష్ట్రంలో కమిషనర్లు, బోర్డు సభ్యుల ప్రత్యేక సంఘం ఉంది. 1975 నాటి క్వింబీ చట్టం ప్రకారం కొత్త నివాస స్థలాల విభజన సమయంలో వెయ్యి మంది జనాభాకు 3 నుంచి 5 ఎకరాల ప్రమాణంలో పార్కు భూమిని గానీ, తత్సమానమైన రుసుమును గానీ స్థానిక సంస్థ కోరవచ్చు. ఈ నిబంధన తెలిసిన కమిషన్ సలహాకు బలం ఉంటుంది. అధికారం లేని చోట పరిజ్ఞానమే ప్రభావానికి ఏకైక సాధనం.

తెలుగు రాష్ట్రాలకు వర్తించే అంశాలు

1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలను 12వ షెడ్యూలులో 12వ అంశంగా చేర్చింది. 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాలలో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం నిర్దేశించింది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 పురపాలక బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత కార్యక్రమాలకు ప్రత్యేకించింది. లేఅవుట్లలో పార్కులకు, ఖాళీ స్థలాలకు విడిచిపెట్టిన భూమి స్థానిక సంస్థకు అప్పగించవలసి ఉంటుంది. నిధి, భూమి, చట్టం మూడూ ఉన్నప్పుడు వాటిని పర్యవేక్షించే వార్డు సభ్యులకు, కమిటీల ప్రతినిధులకు అవగాహన కల్పించడమే మిగిలిన కర్తవ్యం.

ఈ అవగాహన విలువ ఎంతటిదో బెంగళూరు అనుభవం చాటింది. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి నిర్మాణానికి అప్పగించడాన్ని ప్రశ్నిస్తూ స్థానిక నివాసులు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, ఆ కేటాయింపు చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. బహిరంగ స్థలాలను కాపాడుకునే హక్కు నివాసులకు ఉందని ఆ తీర్పు గుర్తించింది.

పురపాలక ప్రతినిధుల శిక్షణకు మన దేశంలోనూ సంస్థలున్నాయి. ముంబయి కేంద్రంగా 1926లో ఏర్పడిన అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ, హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ప్రాంతీయ పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రం వీటిలో ఉన్నాయి. అయితే శిక్షణ ఒక పర్యాయం జరిగి ముగిసేది. సంఘ సభ్యత్వం పదవీకాలం పొడవునా కొనసాగే అనుబంధం. సందేహం తలెత్తిన నాడే పొరుగు పట్టణ ప్రతినిధిని సంప్రదించే అవకాశం దాని ప్రత్యేకత.

ఇల్లినాయ్ అనుభవం నుంచి గ్రహించవలసినది సంఘాల సంఖ్యను కాదు, వాటిని కొలిచే పద్ధతిని. రుసుము ఎంత చెల్లించారు, ఎవరు ఏ శిక్షణకు హాజరయ్యారు, అక్కడ తెలుసుకున్న దానితో ఏ ప్రతిపాదనను మార్చారు లేదా తిరస్కరించారు అన్న మూడు ప్రశ్నలకు బహిరంగ సమావేశపు మినిట్స్‌లో సమాధానం దొరకాలి. దొరికిన చోట సభ్యత్వం ప్రజలకు పెట్టుబడి అవుతుంది. దొరకని చోట అది బడ్జెట్‌లో మరొక ఖర్చు పద్దుగానే మిగులుతుంది.