సమన్లు అందకుండానే డిక్రీ వచ్చిందా? ముందు తేదీలు చూసుకోండి

నంద్యాల జిల్లా ఆత్మకూరులో సొంతిల్లు, ఉద్యోగం మాత్రం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. మీ పరిస్థితి ఇదే అయితే ఈ విషయం తెలుసుకోవాలి. పాత ప్రామిసరీ నోటు మీద ఎవరైనా బాకీ దావా వేస్తే, సమన్లు అందులో ఉన్న ఊరి అడ్రసుకే వెళ్తాయి. ఎవరూ దొరక్కపోతే తలుపుకు అంటించి వెళ్తారు. వాయిదాకు మీరు రాలేదని కోర్టు అవతలి వారి వాదన మాత్రమే విని తీర్పు ఇస్తుంది. ఇదే ఎక్స్‌పార్టీ డిక్రీ. చాలామందికి ఈ సంగతి అమలు పిటిషన్ (ఈపీ) నోటీసు వచ్చాకే తెలుస్తుంది. అప్పటికి వ్యవహారం ఆస్తి జప్తు దాకా వచ్చి ఉంటుంది.

డిక్రీ రద్దు చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డర్ 13వ రూల్ కింద, డిక్రీ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయాలి. సమన్లు సక్రమంగా అందలేదనో, వాయిదాకు రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపించాలి. కోర్టు ఖర్చులు కట్టమనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయమనో షరతు పెట్టవచ్చు.

గడువు ఎంత?

30 రోజులు. మామూలుగా డిక్రీ తేదీ నుంచి లెక్క. సమన్లు సక్రమంగా అందకపోతే మాత్రం డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. పేపర్లో ప్రకటన ఇచ్చి సరిపెట్టిన సందర్భంలోనూ అంతే. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ఆ ప్రకటనను సక్రమమైన జారీగా లెక్కించదు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించాలని 5వ సెక్షన్ కింద విడిగా పిటిషన్ వేయాలి.

‘అందలేదు’ అంటే సరిపోతుందా?

సరిపోదు. మీరు ఇంట్లో లేనప్పుడు, త్వరలో వచ్చే సూచన లేనప్పుడు, మీతో ఉంటున్న వయోజన కుటుంబ సభ్యులు సమన్లు తీసుకున్నా చెల్లుతుంది. పనిమనిషి తీసుకుంటే చెల్లదు. రిజిస్టర్డ్ పోస్టు వద్దని తిప్పి పంపితే అందినట్టే భావిస్తారు. 2011లో ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసింది. 1989 నాటి డిక్రీని రద్దు చేయాలని భార్య 1993లో కోరారు. పోస్టు తిరస్కరించినట్టు రికార్డులో ఉండడంతో ఆ డిక్రీనే కోర్టు నిలబెట్టింది. జారీలో చిన్న లోపం ఉన్నా, వాయిదా తేదీ మీకు ముందే తెలిసి, హాజరయ్యేందుకు సమయం ఉంటే డిక్రీ రద్దు కాదు.

సమన్లు ఆలస్యంగా వస్తే?

వాయిదా రేపనగా ఇవాళ సమన్లు చేతికొచ్చాయనుకోండి. సిద్ధమయ్యే సమయం లేకపోతే కోర్టు విచారణను వాయిదా వేసి కొత్త తేదీ తెలియజేయాలి. 9వ ఆర్డర్ 6వ రూల్ చెప్పేది అదే. సమన్లతో పాటు దావా ప్రతి కూడా రావాలి. హైదరాబాద్ ఆల్విన్, నహర్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. దావా ప్రతే లేకుండా ప్రతివాది జవాబు ఎలా దాఖలు చేస్తాడన్నది అక్కడి ప్రశ్న.

ఇప్పుడేం చేయాలి?

ముందు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ పేరుతోనో, కేసు నంబరుతోనో వెతకండి. ఇంకా డిక్రీ రాకపోతే పని సులువు. 9వ ఆర్డర్ 7వ రూల్ కింద ఎక్స్‌పార్టీ ఉత్తర్వును తీసేయమని అడగవచ్చు. డిక్రీ వచ్చి ఉంటే సర్టిఫైడ్ కాపీతో పాటు సమన్ల జారీ రిపోర్టు నకలు కూడా తీసుకోండి. ఎవరికి, ఏ తేదీన, ఎలా అందించారో అందులో ఉంటుంది. మీ కేసు బలం ఆ కాగితంలోనే తెలుస్తుంది. విషయం మీకు ఎప్పుడు, ఎలా తెలిసిందో అఫిడవిట్‌లో తేదీతో రాయించండి. రద్దు పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు, స్టే విడిగా అడగాలి. పిటిషన్ కొట్టేస్తే అప్పీలు ఉంది. అయితే డిక్రీ మీదే ముందు అప్పీలుకు వెళ్లి అది తేలిపోతే, ఉపసంహరించుకున్న సందర్భంలో తప్ప, రద్దు పిటిషన్ దారి మూసుకుపోతుంది. ఏది ముందో లాయరుతో తేల్చుకోండి.

లాయరు ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఈపీ నోటీసు అందిన రోజును కాగితం మీద రాసిపెట్టుకోండి. మీ 30 రోజుల లెక్క ఆ రోజు నుంచే మొదలై ఉండవచ్చు.