కరువును దేవుడి మీదికి నెట్టకండి



వానలు తప్పిన ఏడాది మన బీదర్ వైపు సంఘాల్లో ఒక ప్రసంగం తప్పకుండా వినిపిస్తుంది. ఇవి అంత్యదినాల సూచనలు, పాపం ఒప్పుకోండి, ప్రార్థించండి అని. ప్రార్థనకు నేను వ్యతిరేకిని కాను. కానీ ఎవరి పాపం? ఆ ప్రశ్న మాత్రం ప్రసంగంలో రాదు. అది అడగకుండా ప్రార్థిస్తే, నేరం చేసినవాణ్ణి ఇంటికి పంపి దేవుణ్ణి బోనులో నిలబెట్టినట్టే.

ముందు లెక్క చూద్దాం. గాలిలో కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా ఉంటుంది. జొన్న మొక్క దాన్ని పీల్చి ఆకుగా, కాండంగా, గింజగా మార్చుకుంటుంది. రొట్టె మనం తింటాం, చొప్ప పశువు తింటుంది. మన ఊపిరితో కొంత తిరిగి గాలిలోకి పోతుంది. పేడ, రాలిన ఆకు, వేళ్లు మట్టిలో కలిసి కొంతకాలం అక్కడ నిలుస్తాయి. మన్ను నుండి తీసిన మనిషి మన్నుకే చేరతాడని ఆదికాండము చెప్పిన మాటను ఈ చక్రంలో కళ్లారా చూడవచ్చు. ఇందులో ఇచ్చేదీ పుచ్చుకునేదీ దాదాపు సరిపోతాయి.

ఈ చక్రానికి అందకుండా భూమి లోతున దాగిన కర్బనం కూడా ఉంది. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు అలాంటిదే. కోట్ల ఏళ్ల కిందటి చెట్లు మట్టిలో పడి, నలిగి బొగ్గయ్యాయి. ఆ బొగ్గు రైలెక్కి మన రాష్ట్రంలోని రాయచూరు థర్మల్ కేంద్రానికీ వస్తుంది. అన్ని యుగాలుగా దాగినదాన్ని మనం కొన్ని గంటల్లో గాలిలో కలిపేస్తున్నాం. యంత్రాల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండపై కొలవడం మొదలుపెట్టినప్పటికి అది 315 దగ్గరుంది. ఇప్పుడు 420 దాటింది. మనం వదిలేదాంట్లో సుమారు సగం చెట్లు, నేల, సముద్రం మింగుతున్నాయి. మిగతా సగం గాలిలోనే పేరుకుని, వేడిని బయటికి పోనివ్వకుండా భూమికి దుప్పటి కప్పుతోంది.

ఈ "మనం" అనే మాటలోనే మోసం ఉంది. సగటు అమెరికన్ పేరున ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కకు వస్తే, సగటు భారతీయుడి పేరున వచ్చేది సుమారు 2 టన్నులు. ఆ రెండు టన్నుల్లోనూ ఏసీ గదుల వాటా, కార్ల వాటా ఎంత? కందిచేలో కలుపు తీసే మన అక్క వాటా ఎంత? అయినా పర్యావరణం మీద ఉపన్యాసమంటే ముందు ఆమె పొయ్యినే చూపిస్తారు. పిడకల పొగ ఆమె ఊపిరితిత్తులకు చేటే, ఆమెకు గ్యాస్ అందాల్సిందే. కానీ పిడకలోని కర్బనం నిన్నటి గడ్డిది, రేపటి గడ్డి దాన్ని మళ్లీ తీసుకుంటుంది. బొగ్గులోని కర్బనం అలా తిరిగి బొగ్గు కావడానికి మనిషి చరిత్ర మొత్తం చాలదు. ఈ రెండు పొగల్నీ ఒకే గాటన కట్టడం పేదలపై వేసే అబద్ధ సాక్ష్యం.

మంజీరను చూడండి. బీడ్ జిల్లాలో పుట్టి, లాతూరు మీదుగా మన బీదర్‌కు, ఇక్కడినుంచి తెలంగాణకు పోయే నది. 2016 ఏప్రిల్‌లో ఆ నది ఎండిపోయి, మన పొరుగునున్న లాతూరుకు మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీళ్లు తెచ్చారు. ఆ కరువంతా కర్బనం వల్లే వచ్చిందని నేను అనను. వరుసగా రెండేళ్లు వానలు తప్పాయి. ఎల్ నినో ఉంది. తాగడానికి నీళ్లు లేనిచోట చెరుకు పండించారు. అయితే గాలి వేడెక్కేకొద్దీ నేలలోని తడిని ఎక్కువగా లాగేస్తుంది. ఎండిన చోటును మరింత ఎండబెడుతుంది. బోరు వేయించగలవాడు ఇంకో వంద అడుగులు దిగుతాడు. కూలికి వెళ్లేవాడు బస్సెక్కి హైదరాబాద్ పోతాడు. మన సంఘాల్లో ఎక్కువమంది ఈ రెండోవాళ్లే.

కొందరు కాపరులు అంటారు: క్రొత్త భూమి రాబోతుంది, ఈ భూమి గురించి ఎందుకు దిగులు? యజమాని తిరిగొస్తున్నాడని తెలిసిన దాసుడు ఇల్లు తగలబెడతాడా? లూకా పన్నెండో అధ్యాయం తీసి చదవండి. లేవీయకాండము ఇంకా ముందుకెళ్లి, భూమికి కూడా విశ్రాంతి సంవత్సరం ఉందంటుంది. జనం దాన్ని దొంగిలిస్తే, వాళ్లు చెరలోకి పోయాక భూమే ఆ విశ్రాంతిని తీర్చుకుంటుందని హెచ్చరిస్తుంది. మన నేలకు మనం ఇచ్చే విశ్రాంతి ఏది? చెరుకు కొట్టాక ఆకుకు నిప్పు పెడతాం, పేడ వేయడం మానేశాం. ప్రపంచం మొత్తం మీద గాలిలో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం మట్టిలో ఉంది. మన మెట్ట నేలల్లో మాత్రం అది చాలాచోట్ల నూటికి ఒక పాలు కూడా లేదు. కర్బనం లేని మట్టి నీళ్లు పట్టుకోదు. అందుకే ఒక్క వాన తప్పినా పైరు వాడిపోతుంది.

దారి చూపించినవాళ్లు దూరాన లేరు. మన సరిహద్దు దాటగానే జహీరాబాద్. అక్కడ దళిత స్త్రీల సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి 1980ల నుంచి బీడు భూముల్ని సాగులోకి తెచ్చాయి. జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేశాయి, పెంట ఎరువు వేశాయి, విత్తనం తమ చేతిలోనే ఉంచుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. పొలం గట్టు మీద నిలబడే హక్కు కూడా లేదనిపించుకున్నవాళ్లు మట్టికి ప్రాణం పోశారు. అది మన ప్రసంగాల్లో ఎందుకు రాదు?

పర్యావరణ ఆదివారం నాడు గుడి ముందు ఒక మొక్క నాటి, ఫోటో దిగి, మే నెలలో దాన్ని ఎండిపోనివ్వడం ఆరాధన కాదు. సంఘానికి, హాస్టళ్లకు ఉన్న భూమిలో ఆకుకు నిప్పు పెట్టడం ఈ ఏడాదే ఆపుదాం. ఆ భూమిని లీజుకు, లేఅవుట్లకు ఇవ్వకుండా, భూమి లేని విశ్వాస కుటుంబాలకు జొన్నలూ కందులూ పండించుకోవడానికి ఇమ్మని కమిటీని అడుగుదాం. బొగ్గు పొగకు అసలు బాకీదారులైన ధనిక దేశాలనూ, మన దేశంలోని ధనికులనూ పేరుపెట్టి నిలదీద్దాం. నాబోతు ద్రాక్షతోట పోయినప్పుడు ఏలీయా వాన కోసం ప్రార్థించలేదు. నేరుగా అహాబు ఎదుటికి వెళ్లాడు.

ఈసారి కరువు ప్రసంగం మొదలైనప్పుడు మీలో ఒక్కరైనా లేచి, మర్యాదగానే అడగండి: అయ్యగారూ, ఎవరి పాపం?